పెట్టెకు ముందు త్రాసు

విమానమెక్కు కెమెరాకు ఎట్టి పెట్టె తగును? పెండ్లిండ్ల కాలము వచ్చినపుడెల్ల కృష్ణా డెల్టా స్టూడియోలలో వినవచ్చు ఈ ప్రశ్నకు సమాధానము అంగడిలో గాక, త్రాసు మీద మొదలగును.

మాఘ ఫాల్గుణములు ప్రవేశించినచో కృష్ణా డెల్టాలోని కల్యాణ మంటపములే గాక గన్నవరము విమానాశ్రయము సైతము పెండ్లి సందడిని పంచుకొనుచుండును. ఒకనాడు చల్లపల్లి ఫొటోగ్రాఫరునకు మోపిదేవి, అవనిగడ్డ, ఘంటసాల, మొవ్వ గ్రామములే వృత్తిక్షేత్రము. బందరు, బెజవాడలు దూరపు పిలుపులు. నేడో, అదే స్టూడియోలో పని నేర్చిన యువకుడు హైదరాబాదులో సంగీత్, గోవాలో ప్రీ వెడ్డింగ్, ఉదయపూరులో ముహూర్తము, ఆపై ఏ సింగపూరులోనో దుబాయిలోనో విందు అనుచు, తిథివార నక్షత్రములతోపాటు విమానముల వేళలను గూడ కంఠస్థము చేయవలసి వచ్చుచున్నది. క్యాండిడ్ తీయువాడొకడు, ట్రెడిషనల్ వీడియో తీయువాడొకడు, డ్రోను ఎగురవేయువాడొకడు, లైట్లు చూచుకొనువాడొకడు. ఈ నలుగురి వెంట లక్షల రూపాయల సామగ్రి. అందులో బహుభాగము ఇంకను వాయిదాలు తీరనిదే.

కావున ప్రయాణము ఖాయమైన మరునాడే పెట్టె మాట వచ్చుట సహజము. “అన్నా, గట్టి పెట్టె ఏది?” అని చిన్నవాడు పెద్దవానిని అడుగును, పెద్దవాడు తాను కొన్నదాని పేరు చెప్పును, చిన్నవాడు దానినే తెప్పించుకొనును. ఈ ప్రశ్న అడుగదగినదే గాని ముందుగా అడుగదగినది కాదు. ఏ వస్తువు మన చేతిని విడువరాదు, ఏ వస్తువు విడిచినను వచ్చు నష్టమును మనము భరింపగలము అను విచారణ మొదట జరుగవలెను. అది జరిగినపిదప పెట్టె ఎంతటిది, ఎట్టిది అను నిర్ణయము దానంతట అదియే తేలును. అది జరుగకుండ కొన్న పెట్టె ఎంత గట్టిదైనను, దానిలో పెట్టరానిది పెట్టిననాడు రక్షణకు మారుగా ఆపదకే కారణమగును.

బందరు రేవు నుండి గన్నవరము వరకు

యంత్రమును వెంటబెట్టుకొని దూరదేశములకు పోవుట ఈ ప్రాంతమువారికి క్రొత్త కాదు. తెలుగు చలనచిత్ర రంగమునకు పితామహుడని ప్రసిద్ధికెక్కిన రఘుపతి వెంకయ్య బందరున జన్మించి, మద్రాసులో ఛాయాచిత్రశాల నడిపి, 1910 ప్రాంతమున ఆ చిత్రశాలనే తాకట్టు పెట్టి, బొమ్మను గ్రామఫోను ధ్వనితో జతపరచి చూపెడి క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనెను. డేరాలు వేసి ఊరూర ప్రదర్శనలిచ్చుచు దానిని సింహళమునకు, బర్మాకు సైతము గొనిపోయెను. చల్లపల్లి పేరు కెమెరాతో ముడివడుట తరువాతి తరములో జరిగినది. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ పూనికతో వెలసిన సారథి ఫిలిమ్స్ సంస్థ, గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున 1938లో ‘మాలపిల్ల’ను, 1939లో ‘రైతుబిడ్డ’ను తీసి తెలుగు తెరపై సంఘ సమస్యలను నిలిపినది.

ఆ కాలపు యంత్రములు నేటివానికంటె ఎన్నో రెట్లు బరువు. వానిని మోసిన పెట్టెలు మందపు చెక్కతో, ఇనుప పట్టీలతో చేసినవి. అయినను ఆ ప్రయాణములకు ఒక సౌకర్యముండెడిది. ఓడయైనను, రైలైనను, ఒంటెద్దు బండియైనను, పెట్టెను ఎత్తించినవాడే దానిని దింపించుకొనుటకు చెంతనుండెడివాడు. కూలివాడు తొట్రుపడినచో కేకవేయుటకు యజమాని నోరు అక్కడనే యుండెడిది. విమానయానము ఈ సంబంధమును త్రెంచివేసినది. కౌంటరు వద్ద పెట్టె పట్టాపైకి ఎక్కినది మొదలు గమ్యస్థానమున వేరొక పట్టాపై కానవచ్చువరకు అది ఎవరి చేతులు మారినది, దేని క్రింద నలిగినది, ఎంత ఎత్తునుండి జారినది యజమాని ఎరుగడు. సామాను ఎక్కించువారికి మన కెమెరాపై పగ లేదు. వారికి ఉన్నది తొందర మాత్రమే. వందలకొలది పెట్టెలను స్వల్ప వ్యవధిలో విమానగర్భమున పేర్చవలసినవానికి ఒక పెట్టెలో అద్దాలున్నవి, వేరొక దానిలో చీరలున్నవి అను భేదము తెలియదు.

యజమాని కన్నుదాటిన ఆ వ్యవధి కొరకే గట్టి పెట్టె పుట్టినది. అమెరికాలో చమురు వ్యాపారియైన ఎర్ల్ హాలిబర్టన్ 1938లో తన ప్రయాణముల కొరకు అల్యూమినియము పెట్టెను చేయించుకొనెను. 1976లో కాలిఫోర్నియాలో డేవ్ పార్కర్ స్థాపించిన పెలికాన్ సంస్థ గట్టి ప్లాస్టిక్కు పెట్టెలను లోకమంతట వ్యాపింపజేసినది. నేడు కెనడా నానుక్, అమెరికా ఎస్‌కేబీ, ఇటలీ హెచ్‌పీఆర్‌సీ మొదలగునవి ఆ కోవలోనివే. బెజవాడ సౌండు, లైట్లవారు వాడు ప్లైవుడ్డు ఫ్లైట్ కేసులు, అంచులకు అల్యూమినియము పట్టీలు, మూలలకు ఉక్కు బిళ్లలు గలవి, వీనికి దగ్గరి చుట్టములే. లారీ ప్రయాణమునకు అవి దివ్యముగ నుండును గాని, విమానపు త్రాసు ముందు ప్లైవుడ్డు బరువు నిలువజాలదు.

ఏడు కిలోల లెక్క

మన దేశములో ఇండిగో, ఎయిర్ ఇండియా వంటి సంస్థల దేశీయ సాధారణ టికెట్టుపై చేతిసంచికి 7 కిలోలు, లోపల వేయు సామానుకు 15 కిలోలు అనుమతి. చేతిసంచి మూడు కొలతలు కలిపి 115 సెం.మీ. మించరాదు. ఈ రెండు బరువు హద్దులను కాగితముపై వ్రాసికొని, వాని ప్రక్కన పెట్టె బరువును వ్రాయవలెను. పలువురు వదలివేయునది ఈ పనినే.

విమానములోనికి చేతితో తీసికొనిపోవుటకే యని ప్రసిద్ధిగాంచిన పెలికాన్ 1510ను ఉదాహరణముగ గైకొందము. వెలుపలి కొలతలు 55.9, 35.1, 22.9 సెం.మీ.; మొత్తము 115లోపే. ఇంతవరకు బాగుగనే యున్నది. దాని బరువో, ఫోముతో కూడ ఇంచుమించు 6.2 కిలోలు. అనగా 7 కిలోలలో మిగులునది 800 గ్రాములు. సోనీ ఏ7 4 బాడీ ఒక్కటే 658 గ్రాములు తూగును. పెట్టెలో ఒక బాడీని పెట్టి, దానికొక చిన్న లెన్సును తగిలించునప్పటికి పరిమితి దాటిపోవును. అదే వర్గములో తేలికగ చేసిన పెలికాన్ 1535 ఎయిర్ ఖాళీగ ఇంచుమించు 4 కిలోలు. అప్పుడు మిగులునది 3 కిలోలు. రెండు బాడీలు, ఒక 24-70, ఒక 70-200, ఒక 85 ప్రైమ్ లెన్సు కలిపినచో సుమారు మూడున్నర కిలోలగును. ఫ్లాషులు, బ్యాటరీలు, ఛార్జర్లు ఇంకను లెక్కకు రాలేదు. కిలోన్నర తూగు మెత్తని భుజసంచిలోనో, ఇదే సామగ్రి హాయిగ నిమిడిపోవును.

బరువు కుదిరినను మరియొక చిక్కు గలదు. గన్నవరము నుండి హైదరాబాదు మొదలగు చోట్లకు తరచు నడచునవి ఏటీఆర్ 72 అను రెక్కపంకాల చిన్న విమానములు. వాని తలపై అరలు పెద్ద విమానపు అరలకంటె ఇరుకు. మెత్తని సంచియైనచో కొంత ఒదిగి, కొంత వంగి అందులోనికి పోవును. గట్టి పెట్టెకు వంగు గుణము లేదు. “సార్, ఇది పైన పట్టదండీ, కింద వేయిస్తాము” అని మెట్ల దగ్గర నిలిచిన సిబ్బంది వినయముగనే అందురు. చేతిలో నుంచుకొనవలెనని పట్టుబట్టి కొన్న పెట్టె, ఆ క్షణముననే మన చేతిని విడిచి విమానగర్భమునకు పోవును. అందులో విడి బ్యాటరీలున్నచో వానిని అక్కడనే, మెట్ల ముందు, వెనుకవారు చూచుచుండగ వెదకి తీయవలెను.

ఈ లెక్క నుండి తేలునది స్పష్టము. బాడీలు, ముఖ్యమైన లెన్సులు, బ్యాటరీలు, కార్డులు మెత్తని సంచిలో భుజముపై పోవలెను. లైట్లు, స్టాండ్లు, ట్రైపాడు, గింబల్, డ్రోను శరీరము, రెండవ శ్రేణి లెన్సులు గట్టి పెట్టెలో క్రిందకు పోవలెను. దేశీయ ప్రయాణములలో గట్టి పెట్టెకు తగిన స్థానము విమానగర్భమే. అచ్చటను 15 కిలోల హద్దు మరువరాదు. పెలికాన్ 1560 వంటి మధ్యరకపు పెట్టె ఫోముతో ఇంచుమించు 9 కిలోలు తూగును. సామగ్రికి మిగులునది ఆరు కిలోలే. పెద్దపెట్టె ఒక్కటి కొనుటకంటె, నలుగురు సభ్యుల అనుమతులను కలిపి రెండు చిన్న పెట్టెలుగ పంచుకొనుట లాభము. అమెరికా వంటి దూరప్రయాణములలో తరచు పెట్టెకు 23 కిలోలు, మూడు కొలతల మొత్తము 158 సెం.మీ. అనుమతించుటచే ఈ ఇరుకు కొంత సడలును. కాని 32 కిలోలు దాటిన ఏ పెట్టెనైనను, ఎంత రుసుము చెల్లించినను, సామానుగ స్వీకరింపరు. అనుమతులు సంస్థను, టికెట్టును బట్టి మారుచుండును గనుక టికెట్టుపై ముద్రించిన అంకెయే ప్రమాణము. ఇంటివద్దనే కొక్కెపు త్రాసుతో తూచి, అరకిలో వెసులుబాటు ఉంచుకొనువాడు కౌంటరు వద్ద పెట్టె విప్పి నలుగురిలో చిన్నబోడు.

పెట్టె శరీరము, పెట్టె ఊపిరి

పెట్టెను పరీక్షించునపుడు మన చేయి తొలుత మూతపై దరువు వేయును. దరువు వలన తెలియునది అల్పము. చూడవలసినవి మూత అంచు, గొళ్లెములు, చక్రములు, కవాటము.

మూత అంచున గాడిలో రబ్బరు వంటి సన్నని తాడు చుట్టును నిండియుండును; నీరు, ధూళి లోనికి రాకుండ కాచునది అదియే. మూత మూసి గొళ్లెములు బిగించిన తరువాత సన్నని కాగితపు చీలికను ఆ సందున దూర్చ యత్నింపుడు. ఎక్కడనైనను సులభముగ దూరినచో అక్కడ అంచు సరిగ కూర్చుండలేదన్నమాట. ఐపీ 67 అను గుర్తు గల పెట్టెలో 6 అంకె ధూళి ప్రవేశింపదనియు, 7 అంకె మీటరు లోతు నీటిలో 30 నిమిషములు మునిగినను నీరు చొరదనియు తెల్పును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తాతలనోట వినిన ప్రాంతమున నీటి భయమును గూర్చి ఎవరును ఎవరికిని చెప్పనక్కరలేదు. కాని విమాన ప్రయాణమున వచ్చు నీరు సాధారణముగ వర్షములో విమానము ప్రక్కన నిలిచిన సామాను బండిపైని నీరే. దానికి ఈ ప్రమాణము చాలును, ఇంకను మించినదాని కొరకు బరువును కొనితెచ్చుకొనరాదు.

గొళ్లెములు ఒక చేతి వ్రేళ్లతో తెరచుటకు వీలై, తామై ఊడకుండ రెండు దశల పట్టు గలవైయుండవలెను. చక్రములు పెట్టె శరీరములోనికి ఒదిగియుండవలెను. వెలుపలికి పొడుచుకొనివచ్చిన చక్రము మొదటి ప్రయాణములోనే విరుగుటకు సిద్ధము. రంగు విషయమున నలుపే వృత్తిధర్మమని పలువురు తలంతురు. మే నెల మధ్యాహ్నము గన్నవరపు ఎండలో విమానము ప్రక్కన నిలిచిన బండిపై నల్లని పెట్టె ఎంత వేడిని గ్రోలునో ఊహించినచో లేతరంగు మీద గౌరవము కలుగును. కెమెరా కంపెనీల స్టిక్కర్లు పెట్టెపై అంటించుట మరియొక వ్యసనము. లోపల ఏమున్నదో దొంగకు వ్రాసి చూపుటకంటె అందు ప్రయోజనము లేదు.

ఇక కవాటము. పిడి దగ్గర చిన్న బిళ్ల ఆకారమున ఉండు దీనిని చూచి అలంకారమనుకొని విడుచువారు కలరు. విమానము 35 వేల అడుగుల ఎత్తున పోవుచున్నను, లోపలి గాలిని ఇంచుమించు 6 నుండి 8 వేల అడుగుల కొండపైనుండు పీడనమున నిలుపుదురు. సామాను గదియు సాధారణముగ ఆ పీడనములోనిదే. 8 వేల అడుగుల వద్ద గాలి పీడనము నేలమీది దానిలో ముప్పాతికపాళ్లు మాత్రమే. అమెరికాకు కట్టిన ఆవకాయ పొట్లము దారిలో ఉబ్బుట మన ఇండ్లలో అందరెరిగినదే. గాలి చొరని పెట్టెలోని గాలికిని అట్టి గతియే పట్టును. పైకి పోవునపుడు లోని గాలి ఎట్లో కొంత వెలుపలికి త్రోసికొనిపోవును. దిగునపుడు తిరిగి లోనికి వచ్చుటకు దారి లేనిచో, వెలుపలి గాలి మూతను అదిమిపట్టును. లోపలి కొలత 50 సెం.మీ. పొడవు, 28 సెం.మీ. వెడల్పు గల మూత వైశాల్యము 1,400 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు పావుకిలో చొప్పున లెక్కించినచో ఆ మూతపై పడు బరువు 350 కిలోల వరకు ఉండవచ్చును. ముహూర్తము దగ్గరపడుచుండగ మంటపములో పెట్టె తెరువలేక గుంజులాడుటకు ఇదియే హేతువు. గాలిని పోనిచ్చుచు నీటిని ఆపెడి పొర గల స్వయంచాలక కవాటము ఈ బెడదను తొలగించును. చేతితో త్రిప్పు మరవంటి కవాటమైనచో ప్రయాణమునకు ముందు దానిని వదులు చేయవలెనో, చేరినపిదప వదులు చేయవలెనో తయారీదారు చెప్పినట్లు నడచుకొనవలెను.

మెత్తదనమే కవచము

గట్టి పెట్టె అను పేరు మనలను మోసగించును. గట్టి డొక్క చేయు పని ఒక్కటే: దెబ్బ ఒకచోట గ్రుచ్చుకొనకుండ అంతట పరచుట. కెమెరాను కాచునది లోపలి మెత్తదనము. దీనికి కఠిన శాస్త్రమేమియు అక్కరలేదు. మీటరు ఎత్తునుండి పెట్టె జారి నేల తాకినపుడు, లోని కెమెరా ఫోములో 2 సెం.మీ. క్రుంగి ఆగినచో దానిపై పడు సగటు బలము దాని బరువునకు ఇంచుమించు 50 రెట్లు. 2 మిల్లీమీటర్లలోనే ఆగినచో 500 రెట్లు. గట్టిగ, ఒత్తుగ కూరిన పెట్టెలో కెమెరా కదలదు కనుక క్షేమమనుకొనుట ఇందుచేతనే భ్రమ. క్రుంగుటకు చోటుండవలెను, కదలుటకు చోటుండరాదు. ఈ రెంటి నడుమనున్న సన్నని మేరయే ఫోము కోతలోని నేర్పు.

చిన్న ఘనములుగ చీలికలు పెట్టిన ఫోము ఈ పెట్టెలతో తరచు వచ్చును. దానిని చేతికి వచ్చినట్లు పెరికివేయుటకు ముందు కెమెరా, లెన్సులను ఫోముపై అమర్చి, అమరిక నచ్చువరకు ఇటునటు జరిపి, హద్దుల వెంబడి చీపురుపుల్లలు గ్రుచ్చి చూడవలెను. లెన్సును బాడీకి తగిలించి ఉంచక, విప్పి రెంటికిని మూతలు పెట్టి వేర్వేరు గుంటలలో ఉంచవలెను. దెబ్బకు ముందుగ వంగునది ఆ రెంటిని కలిపెడి లోహపు మౌంటే. ఒక వస్తువునకును వేరొకదానికిని మధ్య రెండు వ్రేళ్ల మందము, డొక్కకును వస్తువునకును మధ్య అంతకంటె ఎక్కువ మందము విడువవలెను. బరువైనది అడుగునను, చక్రముల వైపునను ఉండవలెను. గుంటను వస్తువుకంటె వెంట్రుకవాసి చిన్నదిగ కోసినచో అది తానై పట్టుకొనును. తలక్రిందులు చేసి ఊపినపుడు చప్పుడు రానిచో పని ముగిసినట్లు.

సామగ్రి తరచు మారువారికి పెరికెడి ఫోముకంటె మడత గోడలు గల అరల ఏర్పాటు మేలు. నిన్నటి గుంట నేటి లెన్సుకు పనికిరాదు గదా.

నిప్పు మాట

విడి లిథియం బ్యాటరీలు విమానగర్భమున వేయరాదు. ఇది సంస్థల ఇష్టాయిష్టములతో పనిలేని అంతర్జాతీయ నియమము. కారణము సులభగ్రాహ్యము: బ్యాటరీ చెడి వేడెక్కి మండినచో ప్రయాణికుల గదిలో చూచువారు, ఆర్పువారు గలరు, సామాను క్రింద ఎవరును లేరు. 100 వాట్-అవర్ల వరకు సాధారణముగ చేతిసంచిలో అనుమతి. 100 నుండి 160 వరకు సంస్థ ముందస్తు సమ్మతితో రెండు. 160 మించినవి ప్రయాణికునితో పోరాదు. వోల్టులను ఆంపియర్-అవర్లచే గుణించిన వాట్-అవర్లు వచ్చును: 3.7 వోల్టుల, 20,000 మిల్లీ ఆంపియర్-అవర్ల పవర్ బ్యాంకు 74. కెమెరా బ్యాటరీ సాధారణముగ 16 ప్రాంతమున, డీజేఐ మావిక్ 3 డ్రోను బ్యాటరీ 77. పెద్ద లైట్లకు వాడు వీ మౌంట్ బ్యాటరీలను పలువురు తయారీదారులు 98 వద్ద ఆపుట ఈ నియమమును చూచియే. అంకె చెరిగిపోయిన పాత బ్యాటరీని భద్రతా తనిఖీవారు నిరాకరింపవచ్చును.

ప్రతి బ్యాటరీ ధ్రువములకు టేపు అంటించియో, విడి సంచులలో పెట్టియో లోహమునకు తగులకుండ చూడవలెను. గింబల్ పిడిలోనే బ్యాటరీ ఉండుటను చాలమంది మరతురు. ఫ్లాషులోను, మానిటరులోను ఉండుటను అంతకంటె ఎక్కువమంది మరతురు. గట్టి పెట్టె మూయుటకు ముందు మూతపై అంటించిన చిన్న పట్టికను చదివి, ఒక్కొక్కదానికి గీటు పెట్టుకొనుట మేలు. స్క్రూడ్రైవరు, కత్తి, మల్టీటూలు మాత్రము తద్విరుద్ధముగ క్రింది పెట్టెలోనే పోవలెను. డ్రోను వెంటగొను వారు గమ్యదేశపు చట్టమును గూడ చూడవలెను. ఈజిప్టు, మొరాకో వంటి దేశములు అనుమతిలేని డ్రోనును సరిహద్దు వద్దనే నిలిపివేయును.

తాళము, కాగితము, బీమా

అమెరికా విమానాశ్రయములలో అధికారులు సామాను పెట్టెలను యజమాని లేకుండనే తెరచి చూడగలరు. ఎర్ర వజ్రపు గుర్తు గల ట్రావెల్ సెంట్రీ తాళమైనచో వారి మారుతాళపుచెవితో తెరతురు. ఇతర తాళములను కోసివేయుటకు వారికి హక్కు గలదు. తెరచినవారు తిరిగి మన పద్ధతిలో పేర్చుదురని ఆశింపరాదు కనుక, ఫోములో ఏది ఎచ్చటనో తెల్పు ఛాయాచిత్రమొకటి మూత లోపల అంటించుట మంచిది. డిజిటల్ కెమెరాకు ఎక్స్‌రే తనిఖీవలన హానిలేదు. ఇప్పటికిని ఫిల్ము వాడువారు మాత్రము దానిని పెట్టెలో వేయక చేతనుంచుకొని, చేతితో తనిఖీ చేయుమని అడుగవలెను.

కాగితముల విషయమున మనవారి అశ్రద్ధ అధికము. విదేశమునకు పోవునపుడు కెమెరాల సీరియల్ నంబర్లను కస్టమ్సు వారికి చూపి ఎగుమతి ధ్రువపత్రము పొందినచో, తిరిగి వచ్చునపుడు ఇవి క్రొత్తగ కొనితెచ్చినవి కావని నిరూపించుట సులభము. సామగ్రి ఎక్కువైనచో, దానిని సుంకము లేకుండ తాత్కాలికముగ గొనిపోవుటకు ఏటీఏ కార్నే అను పత్రము గలదు. మన దేశమున దానిని ఫిక్కీ జారీచేయును. సింగపూరు, థాయిలాండు, ఎమిరేట్సు, అమెరికాలు దీనిని గుర్తించు దేశములలోనివి.

పరిహారమును గూర్చిన భ్రమ ఇంకొకటి. సామాను పోయినచో సంస్థ చెల్లించునుగదా యని ధైర్యముగ నుండువారు ఈ అంకెలు చూడవలెను: దేశీయ ప్రయాణమున సంస్థ బాధ్యతకు పరిమితి 20,000 రూపాయలు, అంతర్జాతీయ ప్రయాణమున మాంట్రియల్ ఒడంబడిక ప్రకారము 2024 డిసెంబరు 28 నుండి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కపు ప్రమాణము), అనగా ఇంచుమించు 2 వేల డాలర్లు. పెట్టెలో వేసిన సుకుమార వస్తువులకు, విలువైన వస్తువులకు తమ బాధ్యత లేదని సంస్థలు షరతులలో ముందే వ్రాసికొనును. ఒక్క 70-200 లెన్సు ఖరీదుకే దేశీయ పరిమితి చాలదు. కావున సామగ్రి పేరుపేరున, సీరియల్ నంబర్లతో, ప్రయాణ నష్టము గూడ చేరునట్లు బీమా చేయించుట పెట్టె కొనుటకంటె ముందు చేయదగిన వ్యయము. డబ్బు రెంటికిని చాలనిచో బీమాకే పెట్టి, పెట్టె అద్దెకు తెచ్చుకొనుట వివేకము.

ఇల్లు చేరిన పెట్టె

పెట్టె ప్రయాణమునకే గాని నివాసమునకు కాదు. ఈ మాట ఎడారి దేశములవారికి అంతగ పట్టకపోవచ్చును. సముద్రపు గాలి, కాలువల తడి, వరిపొలముల నీటి ఆవిరి కలిసి సంవత్సరములో ఎక్కువకాలము గోడలనే చెమర్చజేయు దివిసీమ ముఖద్వారమున మాత్రము దీనికి మించిన హెచ్చరిక లేదు. గాలి చొరని పెట్టె వెలుపలి తేమను లోనికి రానీయనట్లే లోపలి తేమను వెలుపలికి పోనీయదు. వర్షాకాలమున పెండ్లి ముగించుకొని వచ్చి, చెమర్చిన సామగ్రిని అట్లే మూసి మూలకు చేర్చిన పెట్టె నెల తిరుగునప్పటికి బూజునకు తొట్టెయగును. లెన్సును వెలుతురునకు ఎదురుగ పట్టి, వెనుకనుండి టార్చి వేసి ఏటవాలుగ చూచినచో, అద్దపు అంచున మొదలై నడిమికి పాకు సన్నని తెల్లని దారపుపోగుల అల్లిక కానవచ్చును. అది ముదిరినచో గాజు పైపూతనే తినివేయును, తుడిచినను పోదు. గాలిలో తేమ 60 శాతము దాటి నిలిచిన చోట ఈ బూజు పెరుగును. 40 నుండి 50 శాతము నడుమ లెన్సు సుఖముగ నుండును.

పెట్టెలో సిలికాజెల్ పొట్లములు వేయుట మంచిదే. కాని రంగు మారిన పొట్లము పనిచేయదు, వేడిచేసి ఆరబెట్టి తిరిగి వాడవలెను. ఇంటివద్ద నిలువకు విద్యుత్తుతో నడచు డ్రై క్యాబినెట్ ఉత్తమము. పెట్టెను తెరచి ఫోమును నీడన గాలికి ఆరనీయవలెను; పాలియురితేన్ ఫోము తేమకు, కాలమునకు లోబడి జిగురుగ మారి పొడిపొడిగ రాలును, ఆ పొడి కెమెరా సందులలో చేరును. వ్రేలితో నొక్కి విడిచినపుడు తిరిగి లేవని ఫోమును మార్చివేయవలెను. దీనికి తోడు మరియొక జాగ్రత్త: విమానగర్భపు చలినుండి వచ్చిన పెట్టెను గన్నవరము బయట ఉక్కలో వెంటనే తెరువరాదు. చల్లని లెన్సుపై డెల్టా గాలి తగిలినంతనే మంచుబిందువులు కట్టును. పామర్రు, కూచిపూడి దాటి ఇల్లు చేరువరకు మూసియుంచినచో పెట్టె లోపలిది నెమ్మదిగ వేడెక్కి ఆ ముప్పు తప్పును.

తిరుగు ప్రయాణము

పోవునపుడు మిక్కిలి విలువైనవి బాడీలు, లెన్సులు. తిరిగి వచ్చునపుడు ఆ క్రమము తలక్రిందులగును. కెమెరా పోయినచో బీమా గలదు, అప్పు గలదు, మరియొకటి కొనవచ్చును. జీలకర్ర బెల్లము పెట్టిన క్షణమును, అప్పగింతలలో తండ్రి ముఖమును మరల తీయుదమని వధూవరులను పిలువజాలము. కొన్ని గ్రాముల బరువైన మెమొరీ కార్డులకు ఏ గట్టి పెట్టెయు అక్కరలేదు. పెట్టెలో వేయుటయే వానికి ప్రమాదము. మంటపము విడుచుటకు ముందే రెండు ప్రతులు తీసి, కార్డులు ఒకరి జేబులోను, డిస్కు వేరొకరి చేతిసంచిలోను ఉంచి, వీలైనచో ఆ ఇద్దరిని వేర్వేరు విమానములలో పంపి, చల్లపల్లిలో మూడవ ప్రతి సరిచూచువరకు ఏ కార్డును ఫార్మాట్ చేయకుండుట వృత్తిధర్మము. చేతిని విడువరానిదేదో ఇంత స్పష్టముగ తెలిసినవాడు, మిగిలినదానికి పెట్టెను పది నిమిషములలో ఎన్నుకొనగలడు. అది తెలియనివాడు నెలరోజులు ధరలు పోల్చి చూచినను, చివరకు కొనునది బరువును మాత్రమే.